కొట్టిన చెయ్యి

పెనుకొండ,
ఆగస్టు 1957.

బావమరిది చెన్నకేశవులుకు రంగప్ప దీవెనలు.

ఉత్తరం చూసి కంగారుపడవద్దు. నీ కూతురు పుట్టమ్మ బాగానే ఉంది. దెబ్బ తగిలింది నా కొడుకు హనుమంతుకు.

మొన్న మధ్యాహ్నం నేను చేనులో ఉంటే మీ అక్క బాలమ్మ కబురు చేసింది. ఇంటికి వచ్చేసరికి వాడు అరుగు మీద తల వాల్చుకుని కూర్చున్నాడు. ఎడమ చెవిలో నుంచి నెత్తురు మెడ మీదికి కారి చొక్కా తడిసింది. ఏడవడం లేదు. పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో పిలిచినట్టు చూస్తున్నాడు. బడిలో లెక్క తప్పు చెప్పినందుకు చెంపదెబ్బ అట. ఎవరు కొట్టారంటే నోరు విప్పడు. పుట్టమ్మదీ అదే తరగతి కదా అని దాన్ని అడిగితే అది గోడవైపు తిరిగి నిలబడింది. బడిలో కొట్టేది అయ్యవారు కాక ఇంకెవరు? వీరభద్రయ్య అని, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళ కొడుకు. కొత్తగా వచ్చాడు.

నెత్తురు ఆగాలని నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి నేనే చెవిలో పోశాను. వేడి మీద పోస్తేనే పని చేస్తుందని మా అమ్మ చెప్పింది. అంతవరకూ నోరు మెదపనివాడు అప్పుడు అరిచిన అరుపుకు వీధిలో వాళ్ళంతా వచ్చారు. నలుగురం పట్టుకుంటే గాని కదలకుండా ఉండలేదు.

వాడు నాకు ఒక్కడే కొడుకు. నీకు అల్లుడు కావలసినవాడు. రేపు సోమవారం బడి తెరుస్తారు. నేను పోతాను. మాట్లాడి వచ్చేందుకు కాదు.

రంగప్ప


హిందూపురం,
ఆగస్టు 1957.

బావగారికి చెన్నకేశవులు నమస్కారాలు.

మీ ఉత్తరం మండీకి వచ్చింది. చింతపండు బండ్లు దిగుతుంటే ఒకసారి, ఇంటికి పోయి ఒకసారి చదివాను.

బావా, మీరు బడికి పోవద్దు. పోకతప్పదంటే చేతిలో ఏమీ లేకుండా పోండి. జరిగింది జరిగినట్టు నేను అర్జీ రాసి పంపిస్తాను, మీరు వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వండి. చదువుకున్నవాడు కాగితానికి భయపడతాడు. కట్టెకు భయపడి పారిపోతే మనకు వచ్చేది ఏమీ ఉండదు.

హనుమంతును రైలెక్కించి ఇక్కడికి పంపండి. బెంగళూరులో చెవి డాక్టరుకు చూపిద్దాం. అంతవరకూ చెవిలో ఇంకేమీ పోయవద్దు, మీ అమ్మగారు చెప్పినా సరే.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. మూటల మీది అక్షరాలు చూసి చదవడం, చిట్టా రాసే గుమాస్తా పక్కన కూర్చుని రాయడం నేర్చుకున్నాను. పుట్టమ్మ తల్లి పోయినప్పుడు ఆ పిల్లను మీ ఇంట్లో వదిలింది మీ ఇంట్లో అన్నం ఉందని కాదు. అక్క ఉంది, వీధి చివర బడి ఉంది అని. ఆ బడికి మీరు కోపంతో పోతే పిల్లలిద్దరూ మళ్ళీ ఆ గడప ఎట్లా తొక్కుతారో ఆలోచించండి.

ప్రతి ఉత్తరం కిందా పుట్టమ్మ తన చేత్తో రెండు ముక్కలు రాసేది. ఈసారి లేదు. తొందరలో మరచిపోయి ఉంటారు. ఈసారి రాయించండి. ఏమి రాసినా సరే. పోయినసారి మేక ఈనిందని రాసింది.

చెన్నకేశవులు


పెనుకొండ,
సెప్టెంబరు 1957.

చెన్నకేశవులుకు రంగప్ప దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికే పని అయిపోయింది.

పార కట్టె తీసుకుని పోయాను. వీరభద్రయ్య ఎక్కాలు చెప్పిస్తున్నాడు. నన్ను చూసి పిల్లలు ఆపేశారు. ‘నా కొడుకును కొట్టింది ఎవురప్పా?’ అని అడిగాను. వాడు లేచి నిలబడి చేతులు జోడించాడు. ‘తప్పు నాది, నన్ను అడగండి’ అన్నాడు. అంతకన్నా నాకేం కావాలి? మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద పడకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద విరిగింది. ఎండుపుల్ల విరిచినట్టు అందరికీ వినిపించింది. అక్కడ ఆపవలసింది. ఆపలేదు. కింద పడ్డాక కూడా ఆ చేతి మీదే కొట్టాను, ముఖం మీద తన్నాను. పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. పిల్లలు పలకలు పారేసి కిటికీల్లో నుంచి దూకారు. హెడ్‌మాస్టరు నారాయణస్వామి వచ్చి నా కాళ్ళకు చుట్టుకుంటే అతన్ని కూడా ఈడ్చుకుంటూ ఇంకో దెబ్బ వేశాను. బయటికి వచ్చాక ఒళ్ళు తేలికైంది. ఉన్నది రాస్తున్నాను.

పుట్టమ్మ ఒక్కతే లేవకుండా తన చోట కూర్చుంది. నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

పోలీసులు వచ్చారు, జామీను ఇచ్చి బయట ఉన్నాను. వాణ్ణి ధర్మవరం తీసుకుపోయారు. వకీలు చెప్పేదేమంటే, అయ్యవారు హనుమంతును చెవి పగిలేట్టు కొట్టడం చూశానని ఒక సాక్షి చెబితే, తండ్రి కడుపుమంటతో చేశాడని మేజిస్ట్రేటు కనికరిస్తాడు. చూసినవాళ్ళంతా పిల్లలే. పరాయి పిల్లలను నేను అడగను. పుట్టమ్మ చెప్పాలి. నేను అడిగితే బెల్లం కొట్టిన రాయిలాగా ఉంటుంది. తండ్రివి, నువ్వు ఒక మాట రాస్తే చెబుతుంది.

దాని చేతికి సెగగడ్డ లేచింది. అందుకని ఈసారి రాయలేదు.

రంగప్ప


హిందూపురం,
అక్టోబరు 1957.

బావగారికి నమస్కారాలు.

అక్క, హనుమంతు నిన్న తిరుగు రైలెక్కారు. బెంగళూరు డాక్టరు చెప్పింది అక్క మీకు సగమే చెప్పవచ్చు. పూర్తిగా నేను రాస్తున్నాను.

చెంపదెబ్బకు చెవి లోపలి పొర చిరిగిందట. చిన్నపిల్లల్లో అది దానంతటదే అతుక్కుంటుందట. కాగిన నూనె పోయడంతో లోపల కాలి చీముపట్టింది. ఎడమ చెవి ఇక వినపడదు. ఇది రాయకుండా ఉండాలని మొదట అనుకున్నాను. రాయకపోతే ఆ మందు మళ్ళీ ఇంకో పిల్లవాడి చెవిలో పోస్తారు.

మీరు ఆ మనిషిని కొట్టిన విధం చదివాను. చేతులు జోడించినవాణ్ణి అట్లా కొట్టడం ఏమిటి? నేను చెప్పినవి మీకు గుమాస్తా మాటల్లాగా అనిపిస్తాయని తెలుసు. అయినా చెప్పక తప్పదు. పిల్లకు దెబ్బ తగిలితే తండ్రి మొదట చేయవలసింది పిల్ల దగ్గర కూర్చోవడం. ఆ తరువాత కాగితం. కట్టె ఎప్పటికీ కాదు.

పుట్టమ్మ సాక్ష్యం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కాని అది చూసింది మాత్రమే చెబుతుంది. మనం చెప్పించింది చెప్పదు.

దాని చేతి సెగగడ్డ తగ్గిందా అని అక్కను అడిగాను. అక్క జవాబు చెప్పకుండా పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొయ్యి బాగానే మండుతోంది. హనుమంతు మాత్రం నా పక్కన పడుకుని, ‘మామా, బడికి పోకుంటే పోలీసోళ్ళు పట్టుకుంటారా?’ అని అడిగాడు. పట్టుకోరని చెప్పాను. వాడికి కుడివైపు పడుకుని చెప్పవలసి వచ్చింది.

పుట్టమ్మ చేత రెండు ముక్కలు. ఎడమ చేత్తో గీసినా సరే.

చెన్నకేశవులు


పెనుకొండ,
నవంబరు 1957.

చెన్నకేశవులుకు.

నా కొడుకు చెవి నేనే పోగొట్టానని రాశావు. చదివి చించేశాను. మా అమ్మకు చెప్పలేదు. వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆమె. ఆ మాట వింటే బతకదు.

నువ్వు కాగితాలు రాస్తూ కూర్చో. ఇక్కడ ఏమి జరిగిందో విను. మొన్న మా గడ్డివామికి నిప్పు పెట్టారు. గాలికి మంట కొట్టం మీదికి పాకింది. ఒక ఎద్దును విప్పగలిగాను. రెండోది మెడతాడు తెంచుకోలేక నా కళ్ళ ముందు కాలిపోయింది. కొమ్ములు పట్టి లాగబోతే అరచేతుల తోలు ఊడివచ్చింది. హనుమంతు వాకిట్లో నిలబడి ఒక చెవి మూసుకున్నాడు. రెండోదాన్ని మూసుకునే అవసరం వాడికి లేదు.

వీరభద్రయ్య తమ్ముళ్ళే పెట్టారు. చూసినవాళ్ళు లేరు. ఇంకెవరు పెడతారు? మా వీధిలో నా మాట మీద లేచేవాళ్ళున్నారు. వేటకొడవళ్ళు నూరి పెట్టుకున్నారు. నేనే ఆపాను, వచ్చే నెల కేసు ఉంది కనుక. పుట్టమ్మ చెప్పవలసింది చెప్పి నేను బయటపడితే సరి. లేకపోతే మేము ధర్మవరం పోతాం. ఆ ఇంట్లో మగ్గం ఉండదు, మగ్గం మీద కూర్చునేవాడు ఉండడు.

చూసిందే చెబుతుంది అని నాకు నీతులు రాయవద్దు. పిల్లకు నువ్వు ఏమి రాస్తావో దాని మీద ఎంతమంది ప్రాణాలు ఉన్నాయో లెక్కవేసుకో.

రంగప్ప


ధర్మవరం,
నవంబరు 1957.

బావగారికి చెన్నకేశవులు నమస్కారాలు.

మీకంటే ముందు నేనే ఇక్కడికి వచ్చాను. వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా కేసు వాపసు తీయించాలని వచ్చాను. స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఇది రాస్తున్నాను.

వీరభద్రయ్య తల్లి కుళ్ళాయమ్మ వాకిట్లో పట్టుదారం చుడుతోంది. ‘యాడ నుంచి వచ్చినావప్పా?’ అంది. హిందూపురం నుంచి, పెనుకొండ రంగప్ప బావమరిదిని అన్నాను. చెయ్యి ఆపింది. ‘చంపేకి వచ్చినావా, చూసేకి వచ్చినావా?’ అంది. చూసేకి అన్నాను. ‘అయితే చూడు, రా’ అని లోపలికి తీసుకుపోయింది.

చూశాను. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా అతుక్కుంది. వేళ్ళు ముడుచుకోవు. పలక పట్టుకోలేడు, మగ్గం మీద కూర్చోలేడు. అన్నం తల్లి కలిపి పెడుతోంది. పళ్ళు లేక మాట ఊదినట్టు వస్తోంది. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు.

‘మీరు హనుమంతును కొట్టడం మా పుట్టమ్మ చూసిందట, కోర్టులో చెబుతుంది, అంతకుముందే రాజీపడదాం’ అని అతనితో అన్నాను. అతను వినగానే తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్లను పిలవద్దని బతిమాలాడు. నేను ఎందుకని అడిగేలోపే కుళ్ళాయమ్మ అందుకుంది.

‘నా కొడుకు చచ్చినా చెప్పడు. నేను చెప్తా. నీ అల్లుణ్ణి కొట్టింది నీ కూతురేనప్పా.’

‘వద్దమ్మా’ అన్నాడు వీరభద్రయ్య. ఆ తరువాత తానే చెప్పాడు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉందట. అయ్యవారు అడిగిన లెక్కకు సరైన జవాబు చెప్పినవాళ్ళు, తప్పు చెప్పినవాళ్ళ ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే అయ్యవారు వాళ్ళనే కొడతారు. తాను చదువుకున్న బడిలోనూ అంతేనట. ఆ రోజు తరగతి మొత్తం మీద పుట్టమ్మ ఒక్కతే సరిగ్గా చెప్పింది. వరుసగా అందరినీ కొట్టుకుంటూ వచ్చి హనుమంతు దగ్గర చెయ్యి ఆనించి వదిలేసింది. అప్పుడు ఇతను, ‘మొగుడని మెల్లగా కొడతాండావా పుట్టమ్మా?’ అన్నాడట. తరగతంతా విరగబడి నవ్వింది. పిల్ల ముఖం కందిపోయింది. వెనక్కి తిరిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టిందట.

‘నవ్వించేకి అన్నానండీ. నా నోరే కొట్టింది వాణ్ణి. ఆ పిల్ల పేరు నేను ఏ కోర్టులోనూ చెప్పను’ అన్నాడు.

గడ్డివామి సంగతి కూడా అడిగాను. పెద్ద తమ్ముడు నా కళ్ళలోకి చూశాడు. చిన్నవాడు తల దించుకున్నాడు. తల్లి ఆ చిన్నవాణ్ణి నా ఎదురుగానే చెప్పుతో కొట్టింది. మూగజీవాన్ని కాల్చినావా అని కొట్టింది, చెప్పు తెగేవరకూ కొట్టింది. ఇంకో మనిషి మీ ఊరికి రాడని ప్రమాణం చేసింది. మీరూ ఆ కొడవళ్ళు తీయించండి.

బావా, బడి పిల్లలంతా చూశారు. ఊళ్ళో ఇన్ని నెలలుగా మీకు తెలియకుండా ఉండదు. అక్క పొయ్యి ఊదుతూ కూర్చోవడం నాకు మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తోంది. ఒక్క మాటకు జవాబు రాయండి. పుట్టమ్మకు సెగగడ్డ లేచింది ఏ చేతికి?

చెన్నకేశవులు


పెనుకొండ,
డిసెంబరు 1957.

చెన్నకేశవులుకు.

కుడిచేతికి.

నువ్వు అడిగావు, రాస్తున్నాను. అయ్యవారిని కొట్టిన రోజు సాయంత్రం బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాను. నలుగురూ నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. పక్క బల్ల దగ్గర కనగానపల్లి నుంచి పశువుల బేరానికి వచ్చిన సుబ్బన్న ఉన్నాడు. ‘ఏమప్పా రంగప్పా, నీ కోడలు మెడలో తాళి పడకముందే మొగుణ్ణి అదుపులో పెట్టిందంట గదా. పెండ్లయినాంక నీకు గూడా ఒకటి పెడుతుందేమో చూసుకో’ అన్నాడు. హోటలంతా నవ్వింది. టీ పోసేవాడు కూడా నవ్వాడు. అప్పటికి గాని నాకు తెలియలేదు. నేను పొరపాటు మనిషిని కొట్టి వచ్చానని ఊరంతా తెలుసు, నాకు తప్ప.

ఇంటికి వచ్చి అడిగాను. పుట్టమ్మ అవునంది. భయపడలేదు. ‘అయ్యవారు గట్టిగా కొట్టమన్న్యాడు, కొట్టినా మామా’ అంది. మా అమ్మ అక్కమ్మ పూజగదిలో నుంచి వచ్చి, కట్టుకోబోయేవాడి మీద లేచిన చెయ్యి ఇంటికి అరిష్టం, పసుపు కొమ్ము కాల్చి చురక పెట్టి దోషం తీయాలి అంది. వాళ్ళ పుట్టింట్లో అట్లా చేశారట. పసుపు కొమ్ముతో అయితే బొబ్బ లేచి మానేది. నాకు హోటల్లో నవ్వు చెవుల్లో ఉంది. పసుపు కొమ్ము చాలలేదు. పొయ్యిలో ఉన్న అట్లకాడ తీశాను. మీ అక్క అడ్డం వచ్చింది. ఆమెను తోసేశాను, గోడకు తగిలి పడింది. పిల్ల చేతిని మోకాలి కింద తొక్కిపెట్టి అరచేతిలో అదిమాను. వాసన వచ్చేవరకూ తీయలేదు.

వేళ్ళు రెండు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. బలపం పట్టడం రాదు.

మరునాడు బుద్ధి వచ్చింది. అప్పటికే కేసు పెట్టారు. తప్పు మనిషిని కొట్టానని ఒప్పుకుంటే జైలుకు పోవడం ఒక ఎత్తు, ఆ హోటలు ముందు నడవడం ఇంకో ఎత్తు. నిన్ను మోసం చేయాలని కాదు. నీకు ఎట్లా రాయాలో తెలియక రాయలేదు. కొడుకు చెవి నేనే కాల్చాను, కోడలి చెయ్యి నేనే కాల్చాను. చేతులు నాకూ కాలాయి, ఎద్దు దగ్గర.

నువ్వు వచ్చి నాలుగు మాటలు తిట్టిపో. తలుపు తెరిచే ఉంటుంది.

రంగప్ప


పెనుకొండ సబ్‌ జైలు,
డిసెంబరు 1957.

బావగారికి.

మీరు ఆసుపత్రిలో కళ్ళు తెరిచారని జవాను చెప్పాడు. పడిపోయాక జరిగింది మీకు తెలియదు. ఎవరూ సరిగ్గా చెప్పరు. అందుకని రాస్తున్నాను.

మీ ఉత్తరం మండీలో చదివాను. పూర్తిగా చదవలేదు. వాసన దగ్గర ఆగిపోయాను. తక్కెడ పక్కన ఉన్న తూకం వేసే ఇనుప గుండు తీసి తువ్వాల్లో ముడివేసుకుని స్టేషన్‌కు నడిచాను. దారిలో మనసు మారుతుందేమోనని చూశాను. మారలేదు. మీకు రాసిన నీతులు రైల్లో ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. అవి ఎవరో వేరే మనిషి రాసినట్టు ఉన్నాయి.

మీరు అన్నం తింటున్నారు. ‘రాప్పా చెన్నకేశవులూ, కాళ్ళు కడుక్కో’ అన్నారు. అదొక్కటే మీరన్న మాట. నేను పుట్టమ్మను చెయ్యి చూపించమన్నాను. చూపించింది. నేను మీ భుజం మీద కొట్టాను. ఎముక లోపలికి దిగడం గుండు ద్వారా నా చేతికి తెలిసింది. మీరు లేవబోతే తల మీద కొట్టాను. కంచంలో పడ్డారు. ఇంతవరకూ మీకు తెలుసు.

మూడోసారి ఎత్తాను, బావా. చంపడానికే ఎత్తాను. హనుమంతు ఎడమ చెవి మా వైపు ఉండేట్టు తిరిగి పెరట్లో మేకకు ఆకు వేస్తున్నాడు. వాడికి ఏమీ వినపడినట్టు లేదు. అక్క కేకలు వేస్తోంది. అప్పుడు పుట్టమ్మ వచ్చి మీ మీద పడుకుంది. ఆ చేతిని మీ తల పగిలిన చోట అదిమిపెట్టి, ‘మా మామను కొట్టాకు నాయనా, కొట్టాకు’ అంది. నెత్తురు ఆ ముడుచుకున్న వేళ్ళ సందుల్లో నుంచి వస్తోంది. ఆ పిల్ల ఏడవడం లేదు. నా ముఖం వైపు చూడలేదు. గుండు వైపే చూస్తోంది.

గుండు కింద పెట్టి చెయ్యి చాపాను. వెనక్కి జరిగింది. మీ వైపు జరిగింది. మీరు దాని చెయ్యి కాల్చారు, అయినా మీ వైపే జరిగింది.

పోలీసులు వచ్చేవరకూ నేను గడప మీదే కూర్చున్నాను. పారిపోలేదు.

చెన్నకేశవులు


పెనుకొండ ఆసుపత్రి,
జనవరి 1958.

చెన్నకేశవులుకు.

కట్టు విప్పారు. భుజం ఎత్తడం రాదు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే పక్క మంచం రామాంజనేయులు రాస్తున్నాడు. అతను నమ్మకమైన మనిషి.

నీ మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. కాని వకీలు వచ్చిపోయాడు, నేను మంచాన పడినందుకు నా కేసు వాయిదా పడిందట. నీ మీద కేసు నేను వాపసు తీసుకుంటాను. అటకెక్కి జారి పడ్డానని చెబుతాను. బదులుగా పుట్టమ్మ చేత అయ్యవారే కొట్టాడని చెప్పించు. ఇద్దరమూ బయటపడతాం. నువ్వు మండీకి పోతావు, నేను చేనుకు పోతాను. నిశ్చయం చేసుకున్న సంబంధం కూడా అట్లాగే ఉంటుంది.

ఆ అయ్యవారి చెయ్యి ఎట్లాగూ రాదు. ఒక్క అబద్ధంతో అందరం గట్టెక్కుతాం. ఆలోచించు.

రంగప్ప


పెనుకొండ సబ్‌ జైలు,
జనవరి 1958.

బావగారికి.

ఆలోచించాను. కుదరదు.

మేజిస్ట్రేటు అడిగితే, గుండు హిందూపురం నుంచి తీసుకుని వచ్చానని, చంపాలని కొట్టానని నేను ఒప్పుకుంటాను. వకీలు వద్దన్నాడు. చంపాలని అనే మాట వద్దని బతిమాలాడు. సరే, ఆ మాట అడిగితేనే చెబుతాను.

మీరు కూడా ఒప్పుకోండి. ఒప్పుకుంటే సాక్షులను పిలిచే పని ఉండదు. పిల్ల బోనెక్కదు. ఎక్కితే ఏమవుతుందో చూడండి. నిజం చెబితే, మామను జైలుకు పంపింది నేనే అనుకుంటుంది. అబద్ధం చెబితే, చేయి విరిగిన మనిషి ఎదురుగా కూర్చుని వింటాడు. చెప్పు అని మీరంటారు, చెప్పొద్దు అని నేనంటాను. బడిలో కొట్టమన్నదీ ఒక పెద్దమనిషే. దాన్ని ఇంక ఏదీ చేయమనకుండా ఉందాం.

మీరు ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటాను. మీతో బేరం లేదు.

చెన్నకేశవులు


హిందూపురం,
నవంబరు 1958.

బావగారికి చెన్నకేశవులు నమస్కారాలు.

మీరు విడుదలై ఇల్లు చేరారని అక్క రాయించింది. నేను మీకన్నా ముందే వచ్చాను. మండీ యజమాని మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు. తక్కెడ దగ్గరికి మాత్రం పంపడం లేదు, లోపల కూర్చోబెడుతున్నాడు.

ఆ రోజు కోర్టులో మీరు లేచి ‘కొట్టినా దొరా, కొట్టకూడనోణ్ణి కొట్టినా’ అంటారని నేను అనుకోలేదు. ఎందుకు మనసు మార్చుకున్నారో ఎప్పుడైనా చెప్పండి. చెప్పకపోయినా ఫరవాలేదు. వీరభద్రయ్య ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడట. మళ్ళీ ఉద్యోగం అడుగుతున్నాడట. పిల్లల చేత పిల్లలను కొట్టించనని తల్లికి మాట ఇచ్చాడని విన్నాను.

పుట్టమ్మ నా దగ్గర ఉంది. సంబంధం సంగతి ఇప్పుడు మాట్లాడవద్దు. వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళనే అడుగుదాం. ఇక్కడి బడిలో వేశాను. అన్నం వండుతుంది, నీళ్ళు తోడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. నేను నడిచి వచ్చేటప్పుడు నా చేతుల వైపు చూస్తుంది. ముందుగా చేతులు చూసి తరువాత ముఖం చూస్తుంది.

మొన్న సాయంత్రం బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమయిందంటే ఏమీ కాలేదంది. దగ్గరికి పోయి చూశాను. నుదురు చీరుకుపోయి ఉంది. తలవెంట్రుకలు ముందుకు లాగి కప్పుకుంది. గౌను అంచు ఇంకా తడిగానే ఉంది. దారిలో ఎక్కడో నెత్తురు కడుక్కుని వచ్చినట్టుంది. కట్టుకట్టకపోవడంతో మళ్ళీ నెత్తురు మొదలైంది.

నేను లేచాను. కడవలో నీళ్ళు తెచ్చి కడుగుదామని లేచాను. కడవ తలుపు పక్కన ఉంది. పుట్టమ్మ నాకన్నా ముందే పరిగెత్తి తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది.

‘ఎవురూ కొట్టల్యా నాయనా. నేనే పడినా. ఎవురూ కొట్టల్యా.’

నీళ్ళ కోసమమ్మా అన్నాను. నమ్మలేదు. నెత్తురు కనుబొమ మీద నుంచి కంట్లోకి దిగుతోంది. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి తలుపు మీద నుంచి తీయాలి. తీయలేదు. ఆ కంటిని మూసుకుని, రెండో కంటితో నా చేతులనే చూస్తూ నిలబడింది.

నేను వెనక్కి పోయి గోడ దగ్గర కింద కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. చాలాసేపటికి తానే కడవ దగ్గరికి పోయింది.

అది నిజంగా పడిందో, ఎవరైనా కొట్టారో నాకు ఈ రోజుకూ తెలియదు. బడికి పోయి అడగలేదు. అడిగితే అది ఇంకేమీ చెప్పదు. అడగకపోయినా చెప్పడం లేదు.

హనుమంతు మళ్ళీ బడికి పోతున్నాడని అక్క రాయించింది. వాడికి దెబ్బ తగిలితే మీకు చెబుతున్నాడా?

చెన్నకేశవులు